మస్టరు పుస్తకాలు పారేయకండి

ఏటా జూలై 11న తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటాం. అది నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు. మా బాన్సువాడ వాళ్ళకు ఆయన పరాయి మనిషి కాదు. అచ్చంపేట, బంజెపల్లి ఊళ్ళ నడుమ మంజీర మీద నిజాంసాగర్ కట్టించిన చీఫ్ ఇంజనీరు ఆయనే. 1923లో మొదలైన పని 1931కి పూర్తయింది. దాదాపు మూడు కిలోమీటర్ల కట్ట, అక్కడి నుంచి బాన్సువాడ మీదుగా వర్ని, బోధన్ దిక్కు సాగి 150 కిలోమీటర్లు దాటిపోయే పెద్ద కాలువ, దాని కింద అప్పట్లో అనుకున్న ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. కంప్యూటరు లేని రోజుల్లో, నేల వాలును కంటితో, గొలుసుతో, లెవెల్ యంత్రంతో చూసి ఇంత దూరం నీళ్ళను తమంతట తాము పారేలా గీత గీసినవాళ్ళకు ఎన్ని దండలు వేసినా తక్కువే.

ఆ గీత ప్రకారం నేలను చీల్చినవాళ్ళ పేరు మాత్రం ఈ కాలువ పొడుగునా నాకెక్కడా కనబడలేదు. తూముల మీద నంబర్లు ఉన్నాయి. గేట్ల మీద కంపెనీ పేర్లు ఉన్నాయి. శిలాఫలకాల మీద ప్రభువుల పేర్లు, మంత్రుల పేర్లు ఉన్నాయి. పార పట్టినవాళ్ళవి, తట్ట మోసినవాళ్ళవి లేవు. వాళ్ళ పేర్లలో కొన్నయినా ఇప్పటికీ దొరుకుతాయని నా నమ్మకం. ఇంకో పదేళ్ళు ఊరుకుంటే అవి కూడా దొరకవు. అందుకే ఇది రాస్తున్నాను.

నేనెవరినో చెప్పాలి. మట్టిపనులు, కాలువ పనులు కొలిచే వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. పుట్టింది ఒడ్డెర ఇంట్లో. మా తాత, మా నాయనమ్మ ఈ కాలువ పనికే పాలమూరు దిక్కు నుంచి వచ్చారు. పని అయిపోయినా తిరిగి పోలేదు. ఇంట్లో రెండు తరాలు తవ్విన తర్వాత నేను టేపు పట్టుకున్నాను. తవ్వకం సంగతీ తెలుసు, దాన్ని కాగితం మీద ఎట్లా ఎక్కిస్తారో అదీ తెలుసు. ఈ రెండింటి మధ్యలోనే మనుషులు జారిపోయారు.

మట్టిపనికి పాతకాలపు కొలత నూరు ఘనపుటడుగులు. పదడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు, అడుగు లోతు. కాగితం మీద చిన్న అంకె. మామూలు మట్టయితే ఆ గుంతలోంచి లేచేది దగ్గర దగ్గర 5 టన్నులు. తట్టకు 25 కిలోలు నింపారనుకున్నా 200 తట్టలు. వాటిని పక్కన కుమ్మరిస్తే సరిపోదు, కట్ట మీదికి ఎక్కించాలి. కాలువ లోతుకు పోయినకొద్దీ కట్ట పైకి లేస్తుంది. కాబట్టి పొద్దున మోసిన తట్టకన్నా మాపు మోసే తట్ట ఎక్కువ ఎత్తు ఎక్కాలి. ఒంట్లో సత్తువ తగ్గేకొద్దీ పని బరువు పెరగడం మట్టిపని స్వభావంలోనే ఉంది. రేగడి నేల అయితే వానకు పారకు అంటుకుని వదలదు, ఎండకు గడ్డపారకు లొంగదు. మొరం వస్తే చేతులు బొబ్బలెక్కుతాయి. రాయి తగిలితే సమ్మెట, ఉలి, ఆ తర్వాత మందు పెట్టి పేల్చడం.

తట్ట మోసిన దూరాన్ని మా లెక్కల్లో లీడు అంటాం, ఎక్కించిన ఎత్తును లిఫ్టు అంటాం. రెండింటికీ రేట్లు వేరువేరుగా ఉంటాయి. మా నాయనమ్మ నెత్తిమీద సుట్టబట్ట పెట్టుకుని ఎక్కి దిగిన ఎత్తంతా ఆ లిఫ్టులో ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు. ఒడ్డెరోళ్ళలో పని జోడీగా నడుస్తుంది. మొగోడు తవ్వుతాడు, ఆడామె మోస్తుంది. పైసలు మాత్రం జోడీకి కలిపి మొగోని చేతిలో పెట్టేవాళ్ళు. ‘నేను మోసింది కూడా మీ తాత చేతిలనే పడె బిడ్డా’ అనేది ఆమె. కోపంగా అనేది కాదు, అప్పటి తీరు అట్లా ఉండెనని చెప్పేది. నాకు మాత్రం కోపం వచ్చేది. ఇప్పటికీ వస్తుంది. ఒక కాలువలో లేచిన మట్టిలో సగం కష్టం ఆడవాళ్ళదైతే, ఆ సగానికి రసీదు కూడా లేదు.

కొలిచేటప్పుడు గుంత మధ్యలో ఒక మట్టిదిమ్మ తవ్వకుండా వదలమంటాం. పాత నేల ఎంత ఎత్తులో ఉండెనో ఆ దిమ్మే చెప్పాలి. దాన్ని చూసి లోతు వేస్తాం. బడి ముఖం చూడని మేస్త్రులు మా టేపు చుట్టేలోపే ఘనపుటడుగులు నోటిలెక్కతో కట్టి చెప్పేవాళ్ళు. అంగుళం తేడా వస్తే పట్టుకునేవాళ్ళు. వాళ్ళది ఒట్టి కండబలం అనుకునేవాళ్ళు నిటారైన కట్టకు వాలు ఎట్లా తీస్తారో ఒక్కసారి దగ్గరుండి చూడాలి. దారం కట్టకుండానే, కంటి అంచనాతోనే పార వాటంగా కోసుకుంటూ పోతారు. నీరు ఎటు జారుతుందో, ఏ మట్టి నీటిని ఆపుతుందో, ఏది కారుతుందో చేత్తో నలిపి చెబుతారు. ఇంజనీరింగులో ఒక భాగం వాళ్ళ దగ్గర ఉండేది. దాన్ని మనం కూలి అని పిలిచి కూలి రేటు కట్టాం.

కొలిచిందంతా మెజర్‌మెంట్ పుస్తకంలోకి ఎక్కుతుంది. మేం ఎం-బుక్కు అంటాం. అందులో పని పేరు, అగ్రిమెంటు నంబరు, గుత్తేదారు పేరు, కొలిచిన తారీఖు, పొడుగు, వెడల్పు, లోతు, పరిమాణం, చివర సంతకం ఉంటాయి. తవ్విన మనిషి పేరుకు అందులో గడి లేదు. పేర్లు ఉండేది మస్టరులో. డిపార్టుమెంటు నేరుగా కూలీలను పెట్టి చేయించిన పనులకు మస్టరు రాసేవాళ్ళు. పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, ఊరు, హాజరు, కూలి, చివర వేలిముద్ర. గుత్తకు ఇచ్చిన పనుల్లో ఆ పుస్తకం గుత్తేదారు దగ్గర ఉంటుంది, పని అయ్యాక ఎక్కడ పోతుందో ఎవరూ అడగరు. ఎం-బుక్కు విలువైన పత్రం, నంబరు వేసి బీరువాలో పెడతారు. ఒక్కటి పోయినా ఉద్యోగం మీదికి వస్తుంది. మస్టరుకు ఆ గౌరవం లేదు. ఆడిట్ అయిపోయి, గడువు తీరాక పాతకాగితాల కింద లెక్క. ఒక ఆఫీసులో పాత మస్టరు కట్టలు తూకానికి పోవడం నేను కళ్ళారా చూశాను. వేలిముద్రల సిరా ఇంకా నల్లగానే ఉండింది. మట్టి ఎంత లేచిందో శాశ్వతంగా దాచుకుంటాం, ఎవరు లేపారో తూకానికి వేస్తాం.

ఇది నిజాంసాగర్‌తో మొదలైంది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847 నుంచి 1852 దాకా నడిచింది. ఆర్థర్ కాటన్ పేరు గోదావరి జిల్లాల్లో ఇంటింటా తెలుసు. ఆయనకు చేదోడుగా ఉండి కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణెం వీరన్న పేరు కూడా నిలిచింది, సంతోషం. ఆయన కూడగట్టిన వేలమంది పేర్లు నిలవలేదు. ఇటు నాగార్జునసాగర్ చూడండి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఈ రెండు తారీఖులు బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ రెండు తారీఖుల నడుమ రాళ్ళు మోసిన పాలమూరు కూలీల సంగతి ఏ తారీఖు కింద చదువుకోవాలి?

పాలమూరు లేబర్ అంటే ఒకప్పుడు దేశంలో పెద్ద ఆనకట్టలు కట్టే గుత్తేదారులందరికీ తెలిసిన మాట. గుంపు మేస్త్రి ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ పైసలతో అప్పు తీర్చుకుని, లేదా ఇంట్లో పెళ్ళి చేసుకుని, ముసలోళ్ళను ఊళ్ళో వదిలి, పసిపిల్లల్ని చంకనేసుకుని ఎక్కడ పని ఉంటే అక్కడికి లారీ ఎక్కేవాళ్ళు. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. 1979లో వలస కూలీల కోసమే ఒక చట్టం వచ్చింది. గుత్తేదారు ప్రతి వలస కూలీకి ఫొటో అతికించిన పాస్‌పుస్తకం ఇవ్వాలని, అందులో పని, కూలి వివరాలు ఆ కూలీకి తెలిసిన భాషలో కూడా ఉండాలని ఆ చట్టంలో రాశారు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో, కనీస కూలికన్నా తక్కువ ఇచ్చి చేయించుకోవడం కూడా వెట్టిచాకిరేనని సుప్రీంకోర్టు చెప్పింది. మంచి చట్టాలు, మంచి తీర్పు. కానీ నా ఉద్యోగ కాలమంతా ఎన్నో పనుల మీద ఉన్నాను, ఒక్క కూలీ చేతిలో కూడా ఆ పాస్‌పుస్తకం చూసిన గుర్తు లేదు. ఇప్పుడు ఆ చట్టాన్ని కూడా 2020లో తెచ్చిన కార్మిక కోడ్‌లో కలిపేశారు.

పేరు రాసి ఉంచడానికీ ఉంచకపోవడానికీ ఎంత తేడా ఉంటుందో తెలుసుకోవాలంటే థాయ్‌లాండ్‌లోని కాంచనబురి గురించి చదవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం సయాం నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. 1942, 43 సంవత్సరాల్లో జరిగిన పని అది. బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్చి యుద్ధఖైదీలు 12 వేల మందికి పైగా అక్కడ చనిపోయారు. ఆసియా కూలీలు దాదాపు 90 వేల మంది చనిపోయారని అంచనా. వాళ్ళలో మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకుపోయిన తమిళులు ఉన్నారు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఖైదీల సమాధులకు వరుసగా రాళ్ళు పాతి, పేరు, రెజిమెంటు, వయసు చెక్కారు. నేటికీ గడ్డి కత్తిరించి చూసుకుంటున్నారు. వాళ్ళ మనవలు పోయి పూలు పెట్టి వస్తారు. కూలీలను మాత్రం అడవిలో, దారి పక్కన పాతిపెట్టారు. సైనికుడికి రిజిస్టరు ఉంది, కూలీకి లేదు. ఒకే లైను, ఒకే కలరా, ఒకే ఆకలి. విజయనగరం దిక్కు నుంచో, విశాఖపట్నం దిక్కు నుంచో మలయాకు పోయిన మనిషి మనవడు ఈవేళ తాత కోసం వెతుకుదామంటే ఎక్కడ నిలబడాలో కూడా తెలియదు.

అంత దూరం కూడా అక్కర్లేదు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం దోమలపెంట దగ్గర కూలింది. లోపల 8 మంది చిక్కుకుపోయారు. వాళ్ళలో నలుగురు జార్ఖండ్ కూలీలు. తక్కినవాళ్ళు ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ వాళ్ళు. సైన్యం వచ్చింది, నేవీ వచ్చింది, ఎలుక బొరియల్లాంటి గనుల్లో పనిచేసేవాళ్ళు వచ్చారు. నెలల తరబడి వెతికితే ఇద్దరి మృతదేహాలు దొరికాయి. జార్ఖండ్ వాళ్ళు ఇంటికి చేరలేదు. ఆ సొరంగం ఉన్నది ఒకప్పటి పాలమూరు జిల్లాలో. దేశానికి ఆనకట్టలు కట్టిపెట్టిన నేల మీద, ఇప్పుడు ఇంకో పేద రాష్ట్రం బిడ్డలు కాలువ కోసం మట్టిలో కలిశారు. ఆ వార్త చూసిన రాత్రి నాకు మా తాత గుర్తుకొచ్చాడు. గుత్త మారింది, యంత్రం మారింది, పని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళ ఊరు మారింది.

మా బాన్సువాడ చుట్టూ కూడా అదే చూస్తున్నాం. కాలువ నీళ్ళొచ్చిన కొత్తలో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి ఇక్కడ భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. వరి, చెరుకు పండించడం ఈ నేలకు అలవాటు చేశారు. వాళ్ళ కష్టం మీద నాకు గౌరవం ఉంది. ఇవాళ ఆ పొలాల్లో నాట్లు వేయడానికి బీహార్, బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. రైస్‌మిల్లుల్లో బస్తాలు మోసేది వాళ్ళే. మన పిల్లలేమో దుబాయి, మస్కట్, ఖతార్ పోయి అక్కడి ఎండలో రోడ్లు, బిల్డింగులు కడుతున్నారు. పెట్టెలో ఇంటికి తిరిగొచ్చినవాళ్ళు మా దిక్కు ఎన్నో ఊళ్ళలో ఉన్నారు. అక్కడ మన పిల్లల పేరు కంపెనీవాళ్ళు సరిగ్గా రాసుకోవాలని మనం కోరుకుంటాం. ఇక్కడికి వచ్చిన బీహార్ పిల్లగాడి పేరు మనం రాసుకుంటున్నామా?

రాయడం కష్టమేమీ కాదని రుజువు మన కళ్ళముందే ఉంది. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీలో మస్టరు బహిరంగ పత్రం అయింది. సామాజిక తనిఖీ రోజున ఊరి నడుమ పేర్లు చదివి వినిపించేవాళ్ళు. ఆడామె పేరు ఆమె పేరుగానే ఉండేది, ఆమె కూలి ఆమె ఖాతాలోనే పడేది. పిల్లకాలువలో పూడిక తీసినామె తన పేరు నలుగురిలో వినబడగానే ‘ఆఁ, నేనే’ అని చెయ్యెత్తడం నేను చూశాను. మా నాయనమ్మకు దొరకనిది అదే. దొంగ మస్టరులు రాలేదా అంటే వచ్చాయి. కానీ అవి బయటపడింది కూడా పేర్లు బయటికి చదివినందువల్లే.

కాబట్టి నేను అడిగేవి పెద్ద ఖర్చు లేని పనులు. నీటిపారుదల, రైల్వే, రోడ్ల శాఖల డివిజన్ ఆఫీసుల్లో మిగిలి ఉన్న పాత మస్టరులను తూకానికి వేయకుండా ఆపాలి. వాటిని ఫొటోలు తీసి జిల్లాల వారీగా భద్రపరచాలి. నిజాం కాలపు కాగితాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఎక్కువ భాగం ఉర్దూ, ఫార్సీల్లో. నిజాంసాగర్ నిర్మాణం ఫైళ్ళలో కూలీల పేర్లు, ఊళ్ళు, ప్రమాదాలు, జబ్బులు, నష్టపరిహారం ఎక్కడెక్కడ నమోదయ్యాయో ఉర్దూ తెలిసిన ఇద్దరు ముగ్గురు పరిశోధకులను పెట్టి వెతికించాలి. ఒక విశ్వవిద్యాలయం తలచుకుంటే అయ్యే పని. ఏం దొరికితే అది కట్ట దగ్గర రాయి మీద రాయాలి. కనీసం ఏ ఊళ్ళ నుంచి, ఏ కులాల నుంచి జనం వచ్చి తవ్వారో రాయాలి.

ఇక కొత్త పనుల సంగతి. భవన, ఇతర నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే చట్టం వచ్చింది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలవుతుంది. అందులోంచి సాయం అందాలంటే కూలీ పేరు కార్మికుల సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. ఇవాళ ఒక జిల్లాలో, రేపు ఇంకో రాష్ట్రంలో పనిచేసే మనిషి ఎన్ని ఆఫీసులు తిరుగుతాడు? ఆ నమోదు గుత్తేదారు బిల్లుకు ముడిపెట్టాలి. కొలత లేకుండా బిల్లు పాసు కానట్టే, కూలీల జాబితా లేకుండా కూడా పాసు కాకూడదు. ఎం-బుక్కులో పరిమాణం పక్కన ఇంకో గడి పెడితే చాలు. ఆ గడి నింపడం పెన్ను పట్టుకునే వర్క్ ఇన్‌స్పెక్టరు చేతికి ఏమాత్రం బరువు కాదు, అది నేను చెప్పగలను.

‘వేలమంది పేర్లు ఎక్కడ చెక్కుతాం, అయ్యే పనేనా’ అని నాతో పనిచేసిన ఒక ఇంజనీరు సారు అడిగారు. మంచి మనిషి, వెటకారంగా అడగలేదు. 150 కిలోమీటర్ల కాలువకు రెండు పక్కలా రాళ్ళు పరిచి సిమెంటు లైనింగు చేయగలిగాం సారూ, వెయ్యి పేర్లకు చోటు దొరకదా అన్నాను. ఆయనకు ఇంకో అనుమానం కూడా ఉంది, కొందరి పేర్లే దొరికితే దొరకనివాళ్ళకు అన్యాయం కాదా అని. దొరికినవాళ్ళ పేర్లు రాస్తేనే దొరకనివాళ్ళు ఎంతమందో తెలుస్తుందని నా సమాధానం. ఇప్పుడైతే ఎవరూ లేనట్టే ఉంది.

బోధన్ నుంచి బీదర్‌కు మా బాన్సువాడ మీదుగా రైలు మార్గం కావాలని ఏళ్ళుగా అడుగుతున్నాం. నాకూ కావాలి. రైలెక్కాలంటే ఇప్పటికీ కామారెడ్డికో, నిజామాబాద్‌కో బస్సు పట్టుకోవాలి. ఆ లైను మంజూరైన రోజున టెండరు షరతుల్లో కూలీల పేర్ల గడి ఉండాలని ఇప్పటినుంచే అడగాలి. జేసీబీలు ఎన్ని వచ్చినా కట్ట వాలు సరిచేసేది, కంకర పరిచేది, వంతెన కింద పునాది దిగేది మనుషులే.

సర్కారు కదిలేలోపు మనం చేయగలిగేది ఒకటుంది. కాలువ పని నోటిమాటగా విన్న ఆఖరి తరం మాది. మా తర్వాత ఆ మాట కూడా ఉండదు. మా వాడలో ముసలోళ్ళను కూర్చోబెట్టి అడిగి ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. ఇంటిపేరు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ డిస్ట్రిబ్యూటరీ మీద పనిచేశారు, గుంపు మేస్త్రి ఎవరు, పనిలో పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా. ఆడవాళ్ళ పేర్లు వేరే వరుసలో అడుగుతున్నాను, ఎందుకంటే విడిగా అడగకపోతే ‘ఫలానా ఆయన పెండ్లాం’ అని చెప్పి ఊరుకుంటారు. మొదట రాసింది మా నాయనమ్మ పేరు. వర్ని, కోటగిరి, బీర్కూరు, బోధన్ దిక్కు కూడా ఎవరైనా ఇట్లా రాయడం మొదలుపెడితే, అన్నీ కలిపి కామారెడ్డి, నిజామాబాద్ జిల్లా గ్రంథాలయాల్లో ఒక్కో ప్రతి పెట్టించే బాధ్యత నేను తీసుకుంటాను.